కాలవ మీద మూట

జూన్ 4, తెల్లవారుజాము

పిచ్చికా,

ఇది నీ డైరీ. నిరుడు జూలై పదకొండు తర్వాత పేజీలన్నీ ఖాళీ. పారేయబుద్ధి కాలేదు. నీ తారీఖులు కొట్టేసి నేను రాసుకుంటున్నా. ఐదో క్లాసు చదువు నాది. నవ్వకు.

చినుకులు మొదలయ్యాయి. పడుకోలేకపోతున్నా. సందు చివర కాలవకి ఇంకా మూత లేదు. రిపేరుకని తీసిన మూత మళ్ళీ పెట్టనే లేదు. వాన నీళ్ళు నిండితే రోడ్డేదో కాలవేదో తెలీదు. నీకూ తెలీలేదు. ఇన్ని నెలల్లో మున్సిపాలిటీ వాళ్ళు చేసిందల్లా పక్కన ఓ కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టడం.

దాని ఎదురుగానే నీ బోర్డు. జిరాక్స్ షాపులో పనికి వెళ్తూ మూడేళ్ళు రోజూ సుద్దముక్కతో రాశావు. నీళ్ళు ఎప్పుడొస్తాయి, ఎవరి తాళాలు పోయాయి, ఎవరింట్లో పాప పుట్టింది. కింద మూల మాత్రం గీత గీసి, ఎవరైనా రాసుకోండని వదిలేదానివి. నువ్వు పోయాక ఒక్కరూ సుద్ద పట్టలేదు. ఇప్పుడు దాని నిండా అద్దె ఇళ్ళ కాగితాలు.

జూన్ 5

బోర్డు మీద నేను రాస్తానని మీ నాన్నతో అన్నా. నీకు సంతకమే సగం వచ్చు, ఊరుకోవే, నలుగురిలో నవ్వులపాలవుతాం అన్నారు. అయితే అవుదాం, మనకింకా పోయేదేముంది అన్నా. చెప్పులేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు.

జూన్ 7

రాశా. కాగితాలు చించి, తడిగుడ్డతో తుడిచి, పెద్ద పెద్ద అక్షరాలతో. రెండుసార్లు సుద్ద విరిగింది. కాలవ మీద మూత ఏమైంది? అంతే.

జూన్ 8, మధ్యాహ్నం

పరువు పోయింది.

ఎదురింటి టీచరమ్మ వచ్చి చెప్పింది. నేను రాసింది మూత కాదట, మూట అట. కాలవ మీద మూట ఏమైంది? త కీ ట కీ నాకు చిన్నప్పట్నుంచీ తికమకే. ఇస్త్రీ బండి దగ్గర జనం చేరి ఒకటే నవ్వులట. మూటలో ఉన్నవి బట్టలా బంగారమా అన్నాడట ఒకడు. డబ్బు మూటరా, కాలవ బిల్లు మింగిన కాంట్రాక్టర్‌ని అడగండి అన్నాడట ఇంకొకడు.

చెరిపేద్దామని లేచా. టీచరమ్మ చెయ్యి పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళు అందరి తప్పులూ దిద్దాను వదినా, దీన్ని మాత్రం దిద్దను, ఉండనీ అంది.

జూన్ 10, సాయంత్రం

కాంట్రాక్టర్ మన గుమ్మంలోకొచ్చాడు. నువ్వు పోయిన రోజు కూడా రానివాడు. నేను మూట మింగానని రాశావట, ఎవరు చూశారు, సాక్ష్యముందా అని ఒకటే కేకలు.

నేనడిగింది మూత అయ్యా అనబోయా. నోట్లో మాట నోట్లోనే ఆపుకున్నా. మూత కోసం పదకొండు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగితే ఒక్కడూ తలెత్తి చూడలేదు. మూట అనగానే చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే కాబోలు.

రేపటికల్లా చెరిపి సారీ రాయి, లేకపోతే బోర్డే పీకిస్తా అన్నాడు. మూత పడ్డ రోజు చెరుపుతా అన్నా. వెనక నుంచి మీ నాన్న లేచొచ్చారు. మా అమ్మాయి బోర్డు, చెయ్యి వేసి చూడు అన్నారు. ఇన్ని నెలల్లో ఆయన నీ ఊసెత్తడం అదే మొదలు.

జూన్ 11

లేస్తూనే పరిగెత్తా. బోర్డు ఉంది. పీకలేదు.

నువ్వు వదిలిన మూలలో ఎవరెవరో రాశారు. లెక్కపెట్టా, తొమ్మిది చేతిరాతలు. మా సందు లైటు మూట ఏమైంది? నీళ్ళ ట్యాంకు మూట ఏమైంది? అంచు మీద వంకరటింకరగా ఎవరో చిన్నపిల్ల, నా బంతి కాలవలో పడింది. చోటు చాలక గీత దాటి పైకి కూడా వచ్చేశారు. పిచ్చికా, వీళ్ళంతా చదువుకున్నవాళ్ళే. అందరూ కావాలనే ట రాశారు.

జూన్ 12

వాన. మూత రాలేదు. బడి వదిలి పిల్లలంతా దాటేదాకా గొడుగేసుకుని ఆ కర్ర పక్కనే నించున్నా.

జూన్ 14

మూత పడింది. సిమెంటుది. నలుగురు మోసుకొచ్చారు. కాంట్రాక్టర్ మొహం చూపించలేదు.

ఎక్కి నించున్నా. అటూ ఇటూ నడిచా. కదల్లేదు. ఇంత చిన్న పని. ఇంతేనా అనిపించి అక్కడే కూలబడ్డా. మీ నాన్న మాత్రం దాన్ని తొక్కలేదు, చుట్టూ తిరిగి వెళ్ళారు.

మాట ప్రకారం బోర్డు చెరిపేశా.

జూన్ 15

పొద్దున్నే జనం బోర్డు దగ్గర చేరారు, ఇవాళ ఏం రాస్తానా అని. సుద్ద పట్టుకున్నా. అడగడానికి నాకింకేం మిగల్లేదు. చివరికి, రోజూ నీకు చెప్పిన మాటే వాళ్ళకీ రాసి వచ్చేశా.

ఇవాళ వార్తలు లేవు. అందరూ కడుపునిండా తినండి.