అత్త తిట్టలేదు

మరదలు గౌరీశ్వరికి,

బారువ ఒడ్డుకు తిమింగలం కొట్టుకొచ్చిందని చెప్పి నిన్ను ఎండలో పరుగెత్తించిన బావనే రాస్తున్నాను. ఇది మాత్రం వేళాకోళం కాదు.

నిన్న పలాసలో మీ అన్నయ్య విజయ్ ఇంటికి వెళ్లాను. "అమ్మకి ఒంట్లో బాగోలేదు బావా, ఎవుల్నీ గురుతుపట్టట్లేదు," అని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నేను ఆగుతానా? దొడ్డిదారిన వెళ్లి, ఎప్పటిలాగే రబ్బరు బల్లిని అత్త ఒళ్లో పడేశాను. "ఓరి దొంగసచ్చినోడా!" అని చీపురు అందుకునే మనిషి, ఈసారి భయంగా తలుపు వైపు చూసింది.

"నువ్వేట్రా? బేగి ఎలిపో. ఆడు సూత్తే నాకు కూడెట్టడు," అంది గుసగుసగా.

మనుషుల్ని గుర్తుపట్టని మనిషి మాటలేనా ఇవి?

ఆవిడ వేళ్లు చర్మం ఊడి నల్లబడ్డాయి. గజ్జి అని నీతో చెప్పాడట మీ అన్నయ్య. పలాసలో పుట్టినవాడికి జీడిపిక్కలు కొట్టేటప్పుడు చిమ్మే సొన కాల్చిన మచ్చ తెలియదా? గజ్జి చేతుల ముసలమ్మ మంచం కింద జీడిపిక్కల బస్తా, కొట్టే కర్ర ఎందుకున్నట్టు?

ముందుగా ఫోన్ చెయ్యకు. నువ్వు చేసినప్పుడల్లా వాడు స్పీకర్ పెట్టి పక్కనే నిలబడతాడట. "బాగానే ఉన్నానమ్మా" అనేది ఆ పక్కవాడికి భయపడి అనే మాట. టెక్కలి నుంచి చెప్పకుండా వచ్చి, అమ్మ చేతులు చూడు. నేను చెప్పింది అబద్ధమైతే చీపురు నువ్వే అందుకో. నిజమైతే అత్తను నీ వెంట తీసుకెళ్లు.

బల్లిని మీ ఇంటికే తెస్తాను. అక్కడైనా అత్త నన్ను గట్టిగా తిట్టాలి.

నీ బావ