ఉత్తరం వచ్చేదాకా ఒక్క మేకు కూడా

ఫిబ్రవరి 3

చేప తోలు వర్క్‌షాప్‌కి గ్రాంట్ అప్లికేషన్ పంపేశాను. ఇరవై ఆరు పేజీలు. మధ్యాహ్నం రెండింటికి బటన్ నొక్కే ముందు మూడుసార్లు మొదటినుంచీ చదివాను. యాభై ఎనిమిదేళ్లొచ్చాక ఇదేం పరీక్ష భయమో.

'మీ ఉత్పత్తిలో కొత్తదనం ఏమిటి?' అని ఒక ప్రశ్న. చేప చర్మాన్ని తోలుగా మార్చడం మా అమ్మమ్మ చేసింది, ఆవిడ అమ్మా చేసింది. వాళ్లు పాచిన మూత్రంలో నానబెట్టేవాళ్లు. నేను చెట్టు బెరడు కాచిన నీళ్లలో నానబెడతాను. వాసన తగ్గింది, అదే కొత్తదనం. అలాగే రాయబోయి ఆగాను. 'పర్యావరణ హితం' అని రాశాను.

సాయంత్రం గ్రాంట్ ఇచ్చే ఆఫీసు నుంచి మారియెల్ అనే ఆవిడ ఫోన్ చేసింది. గొంతు బాగుంది. "ఓద్లౌగ్ గారూ, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మంజూరు ఉత్తరం చేతికి వచ్చేదాకా పని మొదలుపెట్టకూడదు. ఒక్క మేకు కూడా. మొదలుపెడితే గ్రాంట్ అక్కర్లేకుండానే చేసుకోగలరని అర్థం" అంది. సరే అన్నాను.

ఫిబ్రవరి 12

ఎడ్విన్ కాఫీకి వచ్చాడు. పక్కిల్లే. డెబ్బై తొమ్మిదేళ్లు. ఈ దీవిలో సగం పడవలూ సగం ఇళ్ల కప్పులూ ఆయన చేతివే. మా నాన్న చేపల షెడ్డునే వర్క్‌షాప్ చేస్తున్నానని తెలిసిన దగ్గర్నుంచి నాకంటే ఆయనకే తొందర. మేకు సంగతి చెబితే నవ్వాడు. "తుమ్మాలన్నా వాళ్లకో ఈమెయిల్ పెడతావేంటి పిల్లా?" అన్నాడు. పెడతానన్నాను.

ఫిబ్రవరి 20

దైవా వచ్చింది. లిథువేనియా నుంచి వచ్చి పదకొండేళ్లయింది. క్రిస్మస్‌కి చేపల ఫ్యాక్టరీ మూసేశాక పని లేదు. నా అప్లికేషన్‌లో 'ఒక శాశ్వత ఉద్యోగం' అని రాసిన చోట నా మనసులో ఉన్నది ఈమే. ఆ మాట చెప్పాను కూడా.

కూర్చోకుండానే మాట్లాడింది. ట్రోమ్సో పట్నంలో వాళ్ల అన్న ఏదో పని చూశాడట. "ఏప్రిల్ ఆఖరిదాకా ఆగుతాను. ఆ తర్వాత వెళ్లిపోతే నన్ను తిట్టుకోకు" అంది. తిట్టుకోను. కానీ మా దీవి బడిలో పిల్లలు ఆరుగురు. అందులో ఇద్దరు ఆమె పిల్లలే. నలుగురి కోసం బడి ఎవరు నడుపుతారు?

మార్చి 2, ఉదయం 7

గాలివాన. షెడ్డుకు సముద్రం వైపు కప్పు లేదు. నిన్న ఉంది, ఇవాళ లేదు. మూడు రేకులు చర్చి గోడ పక్కన దొరికాయి. మిగతావి సముద్రం తీసుకుంది. ఆరబెట్టిన చర్మాలన్నీ ఉప్పునీళ్లలో తేలుతున్నాయి.

మార్చి 3

మారియెల్‌కి ఫోన్ చేశాను. టార్పాలిన్ కప్పుకోవచ్చట. కొత్త రేకులు మాత్రం వేయకూడదు. కప్పు మార్చడం నా అప్లికేషన్‌లో మొదటి పని కాబట్టి, వేస్తే ప్రాజెక్టు మొదలైనట్టే లెక్క. ఫొటోలు తీసి పంపమంది. పాపం, తనే బాధపడింది.

మార్చి 6

పన్ను పీకించుకోవడానికి పొద్దున ఫెర్రీలో అవతలి ఒడ్డుకు వెళ్లాను. తిరిగొస్తుంటే, ఫెర్రీ రేవు చేరకముందే సుత్తి చప్పుడు. మా షెడ్డు వైపు నుంచే.

పరిగెత్తాను. నోట్లో దూది.

కప్పు మీద ఎడ్విన్, ఇంకో ముగ్గురు మగవాళ్లు. తన గొర్రెల కొట్టం కోసం దాచుకున్న కొత్త రేకులు తెచ్చి సగానికి పైగా బిగించేశాడు. నన్ను చూసి సుత్తి ఊపాడు. "రా రా, చీకటిపడేలోగా అయిపోద్ది. వాఫిల్స్ వేసిపెట్టు, చాలు" అన్నాడు.

అరిచాను. ఏమేం అన్నానో అంతా గుర్తులేదు. "దిగండి! మిమ్మల్ని ఎవరు చెయ్యమన్నారు? నన్ను ముంచేశారు" అన్నది మాత్రం గుర్తుంది. రేకులన్నీ పీకేయమన్నాను.

ముగ్గురూ దిగిపోయారు. ఎడ్విన్ దిగలేదు. అక్కడే కూర్చుని, "మంచి చెయ్యడానిక్కూడా వాళ్ల సంతకం కావాలన్నమాట" అన్నాడు. తర్వాత ఒక్కో మేకూ తనే పీకాడు. సాయం వస్తామంటే వద్దన్నాడు. రేకులు బండిలో వేసుకుని, నా మొహం చూడకుండా వెళ్లిపోయాడు.

టార్పాలిన్ మళ్లీ కట్టాను. దవడ సలుపుతోంది. ఏడుపు దానికి కాదు.

మార్చి 7

క్షమాపణ చెబుదామని వెళ్లాను. లోపల రేడియో మోగుతోంది. తలుపు తీయలేదు.

మార్చి 9

మారియెల్ అడిగిన ఫొటోలు తీశాను. దూలాల మీద వరసగా కొత్త మేకుల బెజ్జాలు. ఇంకో వైపు నుంచి తీస్తే కనిపించవు.

"ఎవరు చూశారు? ఈ దీవిలో ఒక్కరూ నోరు విప్పరు. పిచ్చిదానిలా నువ్వే వెళ్లి చెప్పకు" అంది దైవా. తన బతుకు కూడా ఇందులోనే ఉంది కాబట్టి అలా అనే హక్కు ఆమెకుంది. రెండు గంటలు ఆలోచించాను. నేనేమీ అబద్ధమాడని మనిషిని కాదు. కానీ దాచిపెడితే, ఎడ్విన్ చేసిన మంచిపని దాచాల్సిన తప్పయిపోతుంది. ఒకసారి ఆయన్ని అందరి ముందూ తప్పుచేసినవాడిలా నిలబెట్టాను. చాలు.

మారియెల్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఎన్ని గంటలు ఉన్నాయి ఆ రేకులు అని అడిగింది. మూడు గంటలన్నాను. "ఫైల్లో రాయక తప్పదు" అంది. రాయమన్నాను. పెట్టేసే ముందు, "ఆ పెద్దాయన ఎలా ఉన్నాడు?" అని అడిగింది.

తెలియదన్నాను.

మార్చి 25

కొట్టులో నన్ను చూసి ఎడ్విన్ పాల డబ్బా అక్కడే పెట్టేసి వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 14

ఉత్తరం లేదు. దైవా ఇంటి ముందు అట్టపెట్టెలు.

ఏప్రిల్ 23, ఉదయం 11

వచ్చింది.

నిలబడే చదివాను. మంజూరైంది. డ్రైనేజీ, హీటింగ్, చర్మాలు నానబెట్టే తొట్లు, మొదటి ఏడాది జీతం. కిందే ఇంకో పేరా: ముందే పని మొదలైన భాగానికి నిధి వర్తించదు కాబట్టి కప్పు ఖర్చు లెక్కలోంచి తీసేశారు. జూలైలోగా తొట్లు బిగించాలి.

దైవాకి ఫోన్ చేస్తే వాళ్ల భాషలో ఏదో అని పెట్టేసింది. ఐదు నిమిషాల్లో ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులో పరిగెత్తుకుంటూ వచ్చింది. పాదాలు ఎర్రగా కందిపోయాయి. స్టవ్ దగ్గర కూర్చోబెట్టాను. ఉత్తరం తనూ చదివింది. "కప్పు లేకుండా తొట్లు ఎక్కడ పెడతాం?" అంది.

అవతలి ఒడ్డు వడ్రంగులు ఆగస్టు దాకా ఖాళీ లేదన్నారు.

ఏప్రిల్ 24

ఎడ్విన్ ఈసారి తలుపు తీశాడు. గుమ్మంలోనే చెప్పాను, తప్పు చేశానని, అలా అరవకుండా ఉండాల్సిందని. ఆయన చెయ్యి చాపాడు. క్షమాపణ కోసం కాదు, ఉత్తరం కోసం. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"అంటే కప్పుకి ఇక ఎవర్నీ అడగక్కర్లేదా?"

అక్కర్లేదన్నాను.

"రేకులు కొట్టంలోనే ఉన్నాయి. పట్టుకెళ్లు." కళ్లద్దాలు మడిచి, "నేను మాత్రం ఎక్కలేను పిల్లా. ఆ రోజు దిగాక మోకాలు పోయింది. ఇక నిచ్చెన మాట ఎత్తొద్దన్నాడు డాక్టరు" అన్నాడు.

అప్పుడు చూశాను చేతికర్రని. కొట్టులో కూడా ఉండే ఉంటుంది. కోపంగా వెళ్లిపోతున్నాడనుకున్నాను గానీ ఎలా నడుస్తున్నాడో చూడలేదు.

అరవై ఏళ్లు కప్పులు వేసిన మనిషి. ఆయన వేసిన ఆఖరి కప్పుని నేను పీకించాను.

మే 9

ఎడ్విన్ షెడ్డు ముందు కుర్చీలో, దుప్పటి కప్పుకుని. పైన నేనూ దైవా. పొద్దుటి నుంచీ తిట్లే. "దాన్ని సుత్తి అంటారు, గరిటె కాదు!" దైవా పైనుంచి లిథువేనియన్‌లో ఏదో విసిరింది. దానర్థం చెప్పమని పట్టుబట్టాడు. చెప్పింది. ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత దగ్గొచ్చేదాకా నవ్వాడు.

నా మేకులు మూడు వంకరపోయాయి. పీకించి మళ్లీ కొట్టించాడు. పీకడం నీకు అలవాటేగా అన్నాడు. అనాల్సిందే.

మే 20

పెద్ద వాన. ఇవాళ తొట్లు కడగాలి. కడగలేదు. ముగ్గురం షెడ్డు మధ్యలో తలలు పైకెత్తి నిలబడ్డాం. ఎడ్విన్ అరచెయ్యి చాపి చాలాసేపు అలాగే ఉంచాడు, కప్పులోంచి చుక్క పడుతుందేమోనని. పడలేదు.