మంచి దారం దాకా

బావా,

నీ కూతురు లక్ష్మి ఈరోజు బందరు ఆసుపత్రిలో ఒక మనిషిని కూర్చోబెట్టింది. అతను దివిసీమ జాలరి. పడవ ఒడ్డుకు లాగుతుంటే నడుం విరిగి కాళ్ళు చచ్చుబడ్డాయి. మంచం మీదే ఉండి ఉండి పిరుదు దగ్గర ఎముక కనిపించేంత పుండు పడింది. నీకు పడినట్టే.

ఆపరేషనుకు మొదట అతని తల్లి ఒప్పుకోలేదు.

"పుండు చాలదని బాగున్న తొడ కూడా కోస్తారా అమ్మా?" అంది.

"వల చిరిగితే మా నాన్న వెంటనే కుట్టేవాడు కాదండీ. కుళ్ళిన దారమంతా మంచి దారం దాకా కోసేసి అప్పుడు అల్లేవాడు. ఇదీ అంతే. చెడిన కండ తీసేసి, తొడ కండని దాని రక్తనాళం తెగకుండా పక్కకి జరిపి కప్పుతాను," అంది లక్ష్మి.

"మీ నాన్న వలలు బాగుచేసేవాడా? ముందే చెప్పొచ్చుగా. కొయ్యండి," అంది ఆ తల్లి.

ఆపరేషను తర్వాత ఆరు వారాలు అతన్ని కూర్చోనివ్వలేదు. ఈరోజు పది నిమిషాలు కూర్చోబెట్టి, మళ్ళీ పడుకోబెట్టి చూసింది. కుట్టు విడలేదు. నొక్కుకున్న చోట ఎరుపు కాసేపట్లోనే తగ్గిపోయింది.

నీ చివరి రోజుల్లో నువ్వు మంచం మీంచి లేవలేక, పడుకునే ఉండి వలలు అల్లుతుంటే నీ పుండుకి కట్లు మార్చింది తనే. అప్పుడు పదో తరగతి. గుడ్డ కప్పడం తప్ప మాకింకేమీ తెలియదు.

మేనకోడలి గురించి నేను రాయకూడదని వార్త వేరే విలేకరికి ఇచ్చాను. డాక్టరు పేరుకి ముందు ఒక్క మాట మాత్రం నేను చేర్చాను: వలలు బాగుచేసే వీర్రాజు కూతురు.