గడ్డి పానకం చెడిపోయిన సంగతి

అత్తకు నీ కోడలు సుజాత దణ్ణం పెట్టి రాసుకుంటున్నది. నేను బాగానే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? ఉదయగిరిలో ఇచ్చిన మందు వాడుతున్నావా, చూరులో దాచావా? ఈనిన గొర్రెలు, పిల్లలు క్షేమమేనా? నువ్వు కూడబలుక్కుని చదువుతావు గనుక అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఫోన్లో అయితే రెండు మాటల తర్వాత నాకు నోరు పెగలడం లేదు.

పోయినసారి నువ్వు, "గడ్డితో సారాయి కాస్తారంటనే, అందుకేనా నిన్ను పంజాబు దాకా పిలిపించుకునింది?" అని అడిగావు. సారాయి కాదత్తా, పెట్రోల్లో కలిపే ఇథనాల్. ఇక్కడ రైతులు కోతయ్యాక వరిగడ్డిని పొలంలోనే తగలబెట్టేవాళ్లట. ఇప్పుడు కట్టలు కట్టి మా ఫ్యాక్టరీకి తోలుతున్నారు. దాన్ని నరికి, కొంచెం ఆసిడ్ నీళ్లలో నానబెట్టి, ఆవిరితో ఉడికిస్తారు. తర్వాత ఎంజైమ్ అనే మందు కలిపితే రెండు మూడు రోజులకు గడ్డిలోని పీచు చక్కెర నీళ్లవుతుంది. నేను దాన్ని మనసులో గడ్డి పానకం అనుకుంటాను. అందులో ఈస్టు వేస్తే పులిసి ఇథనాల్ అవుతుంది. నువ్వు చూస్తే, "ఇంత గడ్డి ఉడకేస్తుండారే, బర్రెలు లేవా ఈళ్లకు" అంటావు.

తిండికి లోటు లేదు. రొట్టెలు, పప్పు. తింటున్నాను, రుచి మాత్రం తెలియడం లేదు. పొద్దున పొగమంచులో ఎదుటి మనిషి కనపడడు. చలి బాగా ఉందని అందరూ అంటున్నారు. ఉందనే అనుకుంటున్నాను. దిగులు పెట్టుకోకు, నేను బాగానే ఉన్నాను.

ఒక సంగతి చెప్పాలి. ల్యాబ్‌లో నా పని, ట్యాంకులోంచి పూటపూటకూ కొంచెం పానకం తీసి, చక్కెర ఎంతుందో కొలిచి, చెడ్డ క్రిములేమైనా చేరాయేమో మైక్రోస్కోపులో చూసి రాయడం. పోయిన నెల ఒక రోజంతా నేను చూడకుండానే రాశాను. బద్ధకం కాదత్తా. సీసా చేతిలో పట్టుకుని నిలబడ్డాను, ఎంతసేపో తెలియదు. తర్వాత ముందురోజు అంకెలే దించేశాను. మర్నాటికి ట్యాంకు మొత్తం పుల్ల కంపు కొట్టింది. క్రిములు చక్కెరను తినేశాయి. అంతా పారబోశారు.

తప్పు కమల మీదికి పోయింది. ట్యాంకులు కడిగే ఆవిడ, నాకన్నా పదేళ్లు పెద్దది. సరిగా కడగలేదని పనిలోకి రానివ్వక గేటు బయట నిలబెట్టారు. వచ్చిన కొత్తలో నాకు ఇక్కడి మాట రాకపోతే చేయి పట్టుకుని క్యాంటీనుకు తీసుకుపోయింది ఆమే. గేటు దగ్గర ఆమెను చూశాను. చూసి లోపలికి వెళ్లి సీసాలు కడిగాను. రెండు రోజులు అట్లాగే గడిపాను. ఇది నీకు రాయడానికి సిగ్గుగా ఉంది.

మూడోరోజు పొద్దున మా ల్యాబ్ చూసుకునే మేడమ్ దగ్గరికి వెళ్లి, "ఆమె తప్పు లేదు, చూడకుండా రాసింది నేను" అని చెప్పాను.

"ఎందుకు చూడలేదు?" అంది.

"తెలియదు మేడమ్."

"తెలియకపోవడమేంటి?"

అప్పుడు చెప్పాను, మా ఆయన ఆత్మకూరు నుంచి వస్తుంటే బండి తిరగబడి పోయాడని, ఇంకా ఏడాది కూడా కాలేదని. ఇక్కడ ఎవరికీ అంతవరకూ చెప్పలేదు. వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాను. మేడమ్ చాలాసేపు నా కాగితాలు తిరగేసింది. "ముందే చెప్పి ఉంటే సెలవిచ్చేదాన్ని. ఇక ల్యాబ్‌లో ఉంచలేను" అంది. మాట కఠినంగా లేదు. కమలను ఆ రోజే లోపలికి పిలిచారు. నన్ను గడ్డి యార్డుకు వేశారు. లారీల్లో వచ్చే కట్టల్లో తడి ఎంతుందో చూడాలి. ఉద్యోగం పోలేదు, కంగారు పడకు.

కమల వారం రోజులు నాతో మాట్లాడలేదు. అది న్యాయమే. నిన్న మధ్యాహ్నం యార్డుకు వచ్చి నా ముందు నిలబడింది.

"రెండు రోజులు ఎందుకు ఆగావు?"

"భయమేసింది" అన్నాను.

ఆమె ఇంకేమీ అడగదనుకున్నాను. అయితే, "మీ ఆయన పేరేంటి?" అంది.

మన ఇళ్లలో మొగుడి పేరు నోటితో పలకం కదా. ఆస్పత్రిలో కూడా కాగితం మీద రాసిచ్చాను. ఆమెకు మాత్రం పెంచలయ్య అని చెప్పాను. ఆమెకు నోరు తిరగలేదు. "పంచాలియా" అంది. కాదు, పెంచలయ్య అన్నాను. మళ్లీ తప్పు పలికింది. మళ్లీ చెప్పాను. నాలుగోసారి చెబుతూ చెబుతూ కూర్చుండిపోయాను. కమల గడ్డికట్ట మీద నా పక్కన కూర్చుంది. లారీవాడు హారన్ కొడుతున్నా లేవలేదు.

బస్సెక్కించేటప్పుడు నువ్వు, "ఈడుంటే ఇద్దరం గోడలు చూసుకుంటా కూచోవాల. సదువుకున్న దానివి, పోమ్మా" అన్నావు. నీకు మాత్రం ఆ గోడలే మిగిల్చి వచ్చాను. ఎండాకాలం సెలవు అడుగుతాను. ఈలోగా వింజమూరు చిన్నాన్నను వారానికోసారి వచ్చి చూసి పొమ్మని చెప్పు. ఆయనకు, పిన్నికి నా దణ్ణాలు. నీ దీవెన నా మీద ఉండాలి.

ఈసారి ఫోన్ చేసినప్పుడు పెంచలయ్య చిన్నప్పటి సంగతి ఏదైనా చెప్పత్తా. నేను ఏమీ మాట్లాడకపోయినా పెట్టేయకు. వింటూ ఉంటాను.

నీ కోడలు,
సుజాత