కీఫ్రేమ్ లేని నవ్వు

మార్చి 3

ఇది రాయడం ఎందుకులే అనుకున్నాను. రాసినా ఎవడు నమ్ముతాడు? కానీ నిద్ర పట్టడం లేదు. ఖాళీ చేతికి ఏదో ఒక పని చెప్పాలి.

మా ఆవిడ పోయి నేటికి ఏడాది. ఇంటినిండా చుట్టాలు. ఆవిడ వీడియో ముందు, మనవరాలి వీడియో వెనక అతికించి టీవీలో వేశాను. ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది, పెదవులు బిగించుకుని. ఎత్తుపళ్లని దిగులు, కెమెరా ముందు ఏనాడూ నోరు తెరవలేదు. మా పెళ్లి ఫొటోలో కూడా ఎవరి మీదో అలిగినట్టే ఉంటుంది. ఎవరి మీదో నాకు తెలుసు, అది వేరే కథ.

తర్వాత మనవరాలు రావాలి. రాలేదు. మా ఆవిడే ఉండిపోయింది. తల వెనక్కి వాల్చి, నోరారా నవ్వింది.

మా అన్నయ్య చేతిలో గ్లాసు జారి పగిలింది.

మరదలు లేచి టీవీ దగ్గరికి నడిచింది. మా ఆవిడకు సొంత చెల్లెలు. వాళ్లమ్మ కుట్టుమిషన్ ఎవరికి దక్కాలన్న గొడవలో అక్కతో మాట మానేసింది. అక్కకి జబ్బు చేసినా చూడ్డానికి రాలేదు. అక్క నన్ను చూసే నవ్వింది బావా, కోపం పోయింది దానికి, అంటూ అక్కడే కూలబడి ఏడ్చింది.

మార్చి 4, ఉదయం

కారణం దొరికింది. దొరక్కపోతే బావుండేది.

చానెల్లో ప్రసారం మిషన్ల ముందు బతుకంతా గడిపి, మాన్యువల్స్ చదివి నేర్చుకున్న విద్య నాది. వీడియోలో ప్రతి బొమ్మనీ పూర్తిగా పంపరు. నిండు బొమ్మ అప్పుడప్పుడూ ఒకటి పంపుతారు, అది కీఫ్రేమ్. మధ్యలో మారిందే పంపుతారు: ఈ ముక్క ఇటు జరుపు, ఆ ముక్క కాస్త తెలుపు చెయ్యి. మా ఆవిడ కబుర్లూ అంతే. నేను డ్యూటీ నుంచి వస్తే, పొద్దున్నకీ ఇప్పటికీ మారిందేదో అదొక్కటే చెప్పేది. ఓసారి వారం ఊళ్లో లేను. రాగానే, వాడు ఒప్పుకున్నాడండీ, అంది. ఎవడు, దేనికి అని అడిగినందుకు ఆ పూట నాకు అన్నం కూడా విసురుగానే పడింది.

నేను రీ-ఎన్‌కోడ్ చెయ్యకుండా, అంటే బొమ్మలన్నీ మళ్లీ కొత్తగా తయారు చేయించకుండా, కోసి అతికించాను. ఆ కోతలో మనవరాలి కీఫ్రేమ్ పోయింది. టీవీకి పిల్ల మొహం అందలేదు, కదలికలే అందాయి. తన దగ్గరున్న ఆఖరి బొమ్మకి వాటిని తగిలించింది. రెంటికీ అదే ఫోను, అదే స్టాండు, అదే కుర్చీ కావడంతో సరిగ్గా కుదిరింది.

మనవరాలికి మళ్లీ వేసి చూపించాను. మొహం పాలిపోయింది. తాతా, అది నా నవ్వు, అంది.

మార్చి 4, సాయంత్రం

మరదలు ఫోన్ చేసింది. ఆ ముక్క పంపు బావా, రోజూ చూసుకుంటాను, అంది. ఎన్నేళ్లకో కంటినిండా నిద్ర పట్టిందట. సరే అన్నాను.

మార్చి 6

పంపలేదు.

మార్చి 9

మళ్లీ ఫోన్. ఏంటి బావా, మీ చానెల్ సీరియల్లా సాగదీస్తున్నావు, అని నవ్వింది. ఆ నవ్వుతోనే, అమ్మ కుట్టుమిషన్ పంపిస్తున్నా, అక్క ఫొటో పక్కన పెట్టు, అంది.

ఇక నా వల్ల కాలేదు. చెప్పేశాను. కోత, కీఫ్రేమ్, పిల్ల నవ్వు, అన్నీ.

అయితే రేపు ఆ పిల్ల ఇంట్లోనే ఉంటుందా, అంది.

మార్చి 10

మరదలు వచ్చింది. మనవరాలిని అదే కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు వేసుకుంది. నవ్వవే, అంది.

పిల్ల పెదవులు బిగించుకుని అలాగే కూర్చుంది.