ముందుగది తలుపు తెరవరాదు

సెప్టెంబరు 6
మొదటి రోజు! ఉదయం 8.55కల్లా మూడు కుండీలూ మేడమీద నుంచి ముందుగదిలోకి చేరాయి. మోసింది మా ఆయన సెల్బీ. ఆజ్ఞలు నావి.

మొక్కలు నడుమెత్తు పెరిగాయి. ఇక పూత పట్టాలి. ఆ పూతే నా మందు. గంజాయి అనగానే మా ఊళ్లో ముక్కు మూసుకుంటారు గానీ, నాకు డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంది, ఇంట్లో పెంచుకోవచ్చని రాజధాని ఒటావా నుంచి సర్కారు పంపిన కాగితం ఉంది. రెండూ ఫ్రేము కట్టించాలని ఉంది.

ముప్పై ఒక్క ఏళ్లు పీతల ఫ్యాక్టరీలో, చన్నీళ్లలో చేతులు నానబెట్టాను. ఇప్పుడు నా వేళ్లు అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. మాత్రలు వేసుకుంటే కడుపులో మంట. పోస్టులో వచ్చే గంజాయి నూనె పనిచేస్తుంది. కానీ గాలివాన వస్తే పడవ రాదు, పడవ రాకపోతే నూనె రాదు. పోయిన ఫిబ్రవరిలో పదకొండు రోజులు రాలేదు. ఆ పదకొండు రోజులూ నా కోటు గుండీలు సెల్బీ పెట్టాడు. నా తల సెల్బీ దువ్వాడు. మిగతాది రాయను, సిగ్గు. ఈ చలికాలం అలా జరగడానికి వీల్లేదు. అంతే!

నియమాలు:
1. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా మొక్కలకు రాత్రి, ఆ తర్వాత పెద్ద లైటు వేసి పగలు. ఆ పన్నెండు గంటలూ ముందుగది తలుపు ఎవరూ తెరవకూడదు.
2. ఎవరూ అంటే నేను కూడా.
3. ఊళ్లో ఎవరికీ చెప్పకూడదు. ముఖ్యంగా ఎఫీకి. (ఎఫీ నా ఆడపడుచు. ఎదురిల్లు. ఆమెకు చెబితే ఇక రేడియోలో చెప్పించుకునే పని ఉండదు.)

చీకట్లో కాస్త వెలుగు పడినా మొక్కకు మతి చలించి గింజ కడుతుందట. గింజ కడితే మందు పోయినట్టే. అరవై ఐదు రోజులు ఓపిక పట్టాలి. తలుపు తెరవకపోవడం కూడా ఒక పనేనా! పాదిరి గారు వస్తేనో, ఇంట్లో ఎవరైనా పోతేనో తప్ప ఆ గదిలోకి మేం మాత్రం ఎప్పుడు వెళ్లాం కనుక? కిటికీ తెరలు దించి, వాటిమీద దుప్పట్లు మేకులతో కొట్టాం. చీమ కూడా దూరదు.

సెప్టెంబరు 9
నియమభంగం: సున్నా. నాలాంటి మనిషి పుట్టడం అరుదు.

సెప్టెంబరు 13
ఉ. 11.20. ఫ్యాను చప్పుడు వినబడలేదు. తెరిచాను. తిరుగుతోంది. రెండే సెకన్లు. దీన్ని తెరవడం అనరు, తనిఖీ అంటారు.
మ. 2.10. పొద్దున తెరిచినందుకు ఏమైనా అయిందేమోనని తెరిచాను. ఏమీ కాలేదు.

సెప్టెంబరు 21
పూత!!! తెల్లటి సన్నటి వెంట్రుకలు, ముసలాడి గడ్డంలా. ఎంత ముద్దుగా ఉన్నాయో! టార్చి వేసి చూశాను. అది పదమూడేళ్ల నాటి టార్చి. దాని వెలుగును వెలుగు అంటే సూర్యుడికి అవమానం.

సాయంత్రం ఎఫీ వచ్చింది. అందరిలాగే వెనక గుమ్మంలోంచి, తలుపు తట్టకుండా, నేరుగా వంటింట్లోకి.

"ఏంటి వదినా ఈ కంపు?"

"క్యాబేజీ ఉడికించాను."

"నాలుగు రోజుల నుంచీ క్యాబేజీయేనా? మా అన్నయ్య బతికే ఉన్నాడా?"

నాలుగు టీలు తాగింది. ముందుగది తలుపు వైపు ఆరుసార్లు చూసింది. నేను లెక్కపెట్టాను.

సెప్టెంబరు 30
సెల్బీ పట్టుకున్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు, నా తల లోపల, ఒళ్లు బయట.

"ఏమేవ్, రెండో నియమం ఏంటి?"

"నేను తెరవలేదు. ఆనుకుంటే తెరుచుకుంది."

"మొన్న కూడా ఆనుకున్నావు."

"ఆనుకోకూడదని నియమం ఉందా?"

ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది.

అక్టోబరు 5
సెల్బీ మూస్ దుప్పి వేటకు అడవిలోకి వెళ్లాడు. వారం దాకా రాడు. అక్కడ ఫోను పలకదు. తెల్లవారక ముందే బయల్దేరాడు, ఎఫీకి చెప్పకుండా. చెబితే తొడమాంసం తనకేనని ఇప్పుడే కర్చీఫ్ వేస్తుంది.

ఇల్లంతా నాదే. నాలుగుసార్లు తెరిచాను. లోపల చిన్న స్టూలు వేసుకున్నాను, నిలబడితే మోకాళ్లు నొప్పి కదా. చేతులు రాత్రంతా సలిపాయి. ఎందుకు తెరుస్తున్నానో నాకు తెలుసు. భయం. అవి పెరుగుతున్నాయని కళ్లతో చూస్తేగానీ ఫిబ్రవరి గుర్తు రాకుండా ఉండదు.

అక్టోబరు 8
ఒక కొమ్మ మీద ఆకుపచ్చ సంచుల్లాంటివి. ఒక్క కొమ్మే. చలికి వచ్చి ఉంటాయి.

అక్టోబరు 10
మూడు మొక్కల మీదా ఉన్నాయి. ఒకటి గోటితో చీల్చాను. లోపల గింజ.
చలికి కాదు.

అక్టోబరు 11
ఈరోజు జరిగింది వరసగా రాస్తాను.

మ. 2.30. ముందుగదిలో స్టూలు మీద కూర్చుని, టార్చి వెలుగులో గింజలు లెక్కపెట్టుకుంటూ ఏడుస్తున్నాను. ఇంతలో ఆ గదికున్న వీధి వాకిలి తెరుచుకుంది. మా అత్తగారి శవపెట్టె వెళ్లిన తర్వాత ఇప్పటిదాకా తెరవని వాకిలి! మధ్యాహ్నపు వెలుగు మొత్తం లోపలికి. గుమ్మంలో ఎఫీ, నల్లకోటు, చేతిలో మాంసం పై (లోపల మాంసం కూరి కాల్చే రొట్టె). వెనక పాదిరి గారు (ఆడమనిషే, కొత్తగా వచ్చింది). ఆ వెనక సగం ఊరు, టోపీలు చేతుల్లో పట్టుకుని.

"వదినా! నా తల్లీ! ఇన్నాళ్లూ ఒక్కదానివే శవం దగ్గర ఎలా కూర్చున్నావే!"

నన్ను కావలించుకుంది. తర్వాత పెట్టె కోసం చూసింది. మూడు కుండీలు కనబడ్డాయి.

"అన్నయ్య ఏడీ?"

"వేటకెళ్లాడు."

"ఏ వేట?"

"మూస్ వేట! ఎవరు పోయారన్నారు మీకు?"

ఎఫీకి కోపం వచ్చేసింది. "ఎవరు చెప్పాలి? పట్టపగలు ముందుగది తెరలు దించుకున్నావు. ఈ ఊళ్లో ఇంట్లో శవం లేకుండా తెరలెవరు దించుతారు? అన్నయ్య వారం నుంచి కంటికి కనబడడు. ఇల్లంతా కంపు. రోజుకు నాలుగుసార్లు దుప్పటి సందులోంచి దీపం కదులుతుంటే శవం దగ్గర కొవ్వొత్తి అనుకున్నాను. నువ్వు మతి తప్పి ఆయన్ని పంపలేక దాచుకున్నావని ఊరంతా ఏడుస్తోంది!"

అందరూ కుండీల వైపు తొంగి చూశారు. పాదిరి గారు గొంతు సవరించుకుని, "వచ్చాం కనుక... మొక్కల కోసమైనా ప్రార్థన చేద్దామా?" అంది. పాపం, ఏదో ఒకటి అనాలి కదా.

మ. 3.15. వెనక గుమ్మంలోంచి సెల్బీ, భుజాన మూస్ తొడ.

"ఎవరు పోయారు?"

"నువ్వే," అంది ఎఫీ.

"అయితే ఆ మాంసం పై నాకోసం తెచ్చిందేగా?" అని కూర్చుని సగం తినేశాడు.

అక్టోబరు 13
నా రోగం, నా మందు, నా చేతులు అన్నీ ఇప్పుడు ఊరందరికీ తెలుసు. మొక్కలు గింజ కట్టాయని కూడా తెలుసు. వాకిలి తెరిచి తామే పాడుచేశామని అందరికీ బాధ. ఇంటికి వచ్చినవి: పైలు మూడు, ఉప్పుచేప ఒక బుట్ట, జామ్ సీసాలు ఐదు.

ఎఫీ వంటింట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నీ చలికాలం మందు నా చేతులతో నేనే నాశనం చేశాను వదినా."

నిజం చెప్పాల్సింది. నోట్లో పై ముక్క ఉంది.

అక్టోబరు 19
ఎఫీ రోజూ ఏడింటికి వస్తుంది. నా గుండీలు పెడుతుంది. బట్టలు పిండుతుంది. శుక్రవారం పేకాట మానేసింది, ఆ పేకాట కోసం మొగుడి పుట్టినరోజునే ఎగ్గొట్టిన మనిషి. నా వేళ్లు ఒక్కొక్కటే వెచ్చటి నీళ్లలో రుద్దుతుంది. ప్రతి వేలికీ ఒకసారి సారీ చెబుతుంది. పది వేళ్లు.

రేపు చెబుతాను.

అక్టోబరు 20
రేపు.

అక్టోబరు 22
చెప్పేశాను. "ఎఫీ, మీరు రాకముందే గింజ కట్టాయి. పాడుచేసింది నేను." నమ్మలేదు. నన్ను ఓదార్చడానికి నువ్వు అలా అంటున్నావు వదినా, అని మళ్లీ ఏడుపు. తట్టుకోలేక ఈ డైరీ ఆమె ఒళ్లో పెట్టాను.

కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచీ చదివింది. నేను తలుపు ఎన్నిసార్లు తెరిచానో వేలు పెట్టి లెక్కపెట్టింది. రాసినవి పోను రాయనివి ఎన్ని అని అడిగింది. మొత్తం నలభై మూడుసార్లు అని చెప్పాను. మూడో నియమం దగ్గర, 'ముఖ్యంగా ఎఫీకి' అన్నచోట ఆగింది. రెండుసార్లు చదివింది.

డైరీ మూసి నా ఒళ్లో పెట్టింది. తిట్టినా బాగుండేది. కోటు వేసుకుని వెళ్లిపోయింది.

అక్టోబరు 25
రాలేదు. ఎదురింటి వంటింట్లో దీపం ఉంది. మనిషి కిటికీ దగ్గరికి రావడం లేదు. సెల్బీ వెళ్లి అడిగితే, "గుండీలు నువ్వే పెట్టు అన్నయ్యా," అందట.

నాకు తగిన శాస్తే. అయినా ఏడుపొస్తోంది.

నవంబరు 3
గాలివాన. ఆరు రోజులుగా పడవ లేదు. నూనె నిన్నటితో ఆఖరు.

నవంబరు 5
పడవ లేదు. రాయలేను.

నవంబరు 8
ఈ పేజీ రాస్తున్నది ఎఫీ. వదిన చెబుతోంది, నేను రాస్తున్నాను. ఆమె చెప్పినదంతా రాయను.

నేను ఆమె మీద ఇంకా కోపంగానే ఉన్నాను. అది కూడా రాయమంది. రాశాను. ఆమె వేళ్లు కలమే కాదు, చెంచా కూడా పట్టడం లేదని అన్నయ్య చెబితే వచ్చాను. వెనక గుమ్మంలోంచే వచ్చాను.

మొదటి రోజు. పాత మొక్కల నుంచి కోసి మేడమీద అన్నయ్య వేరు పట్టించిన మూడు కొమ్మలు ముందుగదిలో పెట్టాం. ఊరందరికీ చెప్పాం, తెరలు దించి ఉంటే ఎవరూ చావలేదని. వీధి వాకిలికి అన్నయ్య మేకులు కొట్టాడు. లోపలి తలుపు తాళంచెవి నా మెడలో ఉంది. నా కుర్చీ ఆ తలుపుకు అడ్డం.

ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా నియమం ఒకటే. తెరవరాదు. జనవరి దాకా.

ఉ. 9.40. ఒక్క సెకను చూస్తానంది. కుదరదన్నాను.
ఉ. 10.15. ఫ్యాను చప్పుడు వినబడటం లేదంటోంది. నాకు వినబడుతోంది.
ఉ. 10.50. నా పేకాట గురించి రాసినందుకు సారీ అంది. తాళంచెవి కోసం చెప్పిన సారీ అది. ఇవ్వలేదు.
ఉ. 11.20. ఏడుస్తోంది. తలుపు గురించి కాదు. కలం పక్కన పెడుతున్నాను.

మ. 1.05. ఇంతసేపూ ఆమె చేతులు నా రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాను. అందుకే మధ్యలో ఏమీ రాయలేదు. ఇప్పుడు నిద్రపోయింది.

తలుపు తెరవలేదు.