నిమిషానికి నూట నాలుగు

ఆగస్టు 3, సోమవారం

అది వచ్చేసింది. రెండు సంచులు, పరుగు బూట్ల పెట్టె ఒకటి, ముఖం నిండా నవ్వు. పిన్నికి ఫ్యాక్టరీలో షిఫ్టులు మారాయట. కూతుర్ని ఇంట్లో ఒంటరిగా వదల్లేనందట. అందుకని ఈ ఏడాదంతా మా ఇంట్లోనే, మా బడిలోనే, మా తొమ్మిదో తరగతిలోనే. నా గదిలో కిటికీ వైపు మంచం దానికిచ్చారు. నన్ను ఒక్కమాట అడగలేదు.

అమ్మకంటే పిన్ని ఆరేళ్ళు చిన్న. పిన్ని కూతురు మాత్రం నాకంటే పదకొండు రోజులు పెద్ద. కాబట్టి దాన్ని అక్కా అని పిలవాలని అమ్మమ్మ హుకుం. పదకొండు రోజుల్లో నాకు జలుబు కూడా పూర్తిగా తగ్గదు. ఆమాత్రానికి అక్క ఏమిటి?

పిలవను. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ఆగస్టు 5, బుధవారం

బయాలజీ నాది. ఆరో తరగతి నుంచీ నాదే. పుస్తకం చూడకుండా గుండె బొమ్మ వేసి నాలుగు గదులకీ పేర్లు పెట్టేది క్లాసులో నేనొక్కదాన్నే. ఆ సంగతి గోడలకి కూడా తెలుసు.

ఈరోజు టీచర్ రక్త ప్రసరణ మొదలుపెట్టారు. కుడి జఠరిక నుంచి రక్తం ఎక్కడికి పోతుందని అడిగారు. నేను చెయ్యెత్తేలోపే అది చెప్పేసింది. చెప్పి ఊరుకుందా? పరిగెత్తేటప్పుడు ఎందుకు రొప్పుతామో, ఎనిమిది వందల మీటర్ల పరుగులో రెండో రౌండుకి కాళ్ళు ఎలా బరువెక్కుతాయో కూడా చెప్పింది. టీచర్ బల్ల అంచున కూర్చుని మరీ విన్నారు. నా గుండె బొమ్మ చూడటానికి ఆవిడ ఏనాడూ కూర్చోలేదు.

కడుపు మండిపోయింది. మధ్యాహ్నం డబ్బా సగం తిని మూసేశాను.

ఆగస్టు 6, గురువారం

ప్రాజెక్ట్ ఇచ్చారు. జంటలుగా చెయ్యాలి. పది రోజుల పాటు ఒకరి పల్స్ ఒకరు చూడాలి. ఊరికే కూర్చున్నప్పుడు ఎంత, మూడు నిమిషాలు మెట్టు ఎక్కి దిగాక ఎంత, మళ్ళీ మామూలుకి రావడానికి ఎంతసేపు పట్టింది. చివరి గడిలో ‘కొలిచినవారు’ అని ఉంటుంది. అందరికంటే జాగ్రత్తగా రాసిన చార్ట్‌ని ల్యాబ్ గోడకి పెడతారు. ఏడాదంతా అక్కడే ఉంటుంది.

ఒకే ఇంట్లో ఉంటున్నారు కదా అని నన్నూ దాన్నీ జంట చేశారు. నా ఖర్మ.

పల్స్ ఎలా పట్టాలో టీచర్ చేసి చూపించారు. చూపించడానికి ఎవరి చెయ్యి తీసుకున్నారో వేరే చెప్పక్కర్లేదు. నేను పాఠం వినలేదు. టీచర్ దాని ముఖంలోకి ఎన్నిసార్లు చూశారో లెక్కపెడుతూ కూర్చున్నాను. తొమ్మిది.

ఆగస్టు 7, శుక్రవారం, సాయంత్రం 5

పెరటి మెట్ల మీద కూర్చుని మొదలుపెట్టాం. దాని మణికట్టు సన్నగా, గట్టిగా ఉంది. బొటనవేలితో అదిమి పట్టుకున్నాను. నొప్పి పుట్టాలనే అదిమాను.

నిమిషానికి నూట నాలుగు. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఆగి, తర్వాత దబ్బుమని ఒకటి కొట్టుకుంది. అలాగే రాశాను.

తర్వాత అది నా చెయ్యి అడిగింది. ఇవ్వలేదు. నాది నేనే చూసుకుంటానన్నాను. పెద్దవాళ్ళకి డెబ్బై రెండు అని పుస్తకంలో ఉంది. డెబ్బై రెండు రాసుకున్నాను. కొలిచినవారు గడిలో ‘పిన్ని కూతురు’ అని రాశాను. అమ్మమ్మ చూస్తే దిద్దించేది.

ఆగస్టు 11, మంగళవారం

నూట రెండు. నూట ఆరు. నూట నాలుగు. ఈరోజు మూడుసార్లు తప్పింది.

దాన్ని చూస్తే అలా అనిపించదు. మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కేస్తుంది. నేను ఒక్కొక్కటే ఎక్కి, పైన గోడ పట్టుకుని నిలబడతాను. ఆయాసం తగ్గేదాకా ఏదో చూస్తున్నట్టు నటిస్తాను.

ఆగస్టు 12, బుధవారం

అమ్మమ్మ గుడ్డు ముందు దానికి పెట్టింది. నాకు ఆకలి లేదన్నాను.

ఆగస్టు 14, శుక్రవారం

డ్రిల్లు మాస్టారు దాన్ని ఎనిమిది వందల మీటర్లకి సెలెక్ట్ చేశారు. ఇరవై ఆరున పోటీ. అన్ని బళ్ళ వాళ్ళూ వస్తారు. ఇంట్లో ఒకటే సందడి.

నాన్న ఆ రోజు సెలవు పెడతారట. నాకు సైన్స్ ప్రైజు ఇచ్చిన రోజు నాన్నకి డ్యూటీ. సెలవు దొరకదన్నారు. ఇప్పుడెలా దొరికిందో అడుగుదామనుకున్నాను. అడగకుండా లేచి వచ్చేశాను.

ఆగస్టు 17, సోమవారం

చార్ట్‌లు ఇచ్చేశాం. టీచర్ నాది చదువుతూ ఆగిపోయారు. నిజంగా ఇన్నిసార్లు తప్పిందా అని నన్ను రెండుసార్లు అడిగారు. నిజమే కదా, నా వేలికి తగిలినదే రాశాను. దాన్ని పిలిచి చెయ్యి పట్టుకుని చూశారు. తొంభై ఆరు. అప్పటికే అది భయంతో బిగుసుకుపోయింది. తప్పడం తన వేలికైతే తెలియలేదు గానీ ఇలాంటివి వచ్చి పోతుంటాయి, పది రోజుల రికార్డు ఉంది కదా అన్నారు.

డ్రిల్లు మాస్టారు దాన్ని టీమ్ నుంచి ఆపేశారు. గుండె డాక్టర్ కాగితం తెస్తేనే పరుగట. ఆ డాక్టర్ ఆసుపత్రికి గురువారాలే వస్తాడు. ఈ గురువారం నిండిపోయింది. వచ్చే గురువారం ఇరవై ఏడు. పోటీ ఇరవై ఆరు.

నా చార్ట్ గోడెక్కింది. నీ వల్ల ఒక పిల్లకి ప్రమాదం తప్పిందని టీచర్ నా భుజం మీద చెయ్యి వేసి అందరి ముందూ అన్నారు. పిన్ని ఫోన్ చేసి ఏడుస్తూ చల్లగా ఉండమంది. అమ్మమ్మ పాల గ్లాసు ముందు నాకిచ్చింది.

సిగ్గు లేకుండా రాస్తున్నాను. లోలోపల చంకలు గుద్దుకున్నాను.

ఆగస్టు 18, మంగళవారం

అది స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడుస్తోంది. నాకు వినపడదనుకుంటోంది. నేను పాలు తాగాను.

ఆగస్టు 20, గురువారం

టీచర్ మిగతా చార్ట్‌లు తిరిగిచ్చారు. ముందు బెంచీ కళ్ళజోడు పిల్ల చార్ట్ దగ్గర నవ్వేశారు. దాని పల్సూ, దాని జంట పల్సూ పది రోజులూ అచ్చంగా ఒకటే. బొటనవేలితో పట్టుకున్నావా అని అడిగారు. అవునంది. బొటనవేలిలో కూడా నాడి గట్టిగా కొట్టుకుంటుంది, అందుకే రెండు వేళ్ళతో చూడమన్నాను, నువ్వు ఇన్నాళ్ళూ నీ పల్సే లెక్కపెట్టి పక్కదాని పేరు మీద రాశావు అన్నారు. క్లాసంతా గొల్లుమంది.

నేను కూడా నవ్వాను. నవ్వుతూ రెండు చేతులూ బెంచీ కింద పెట్టేసుకున్నాను.

అదే రోజు, సాయంత్రం 6

చెబితే గోడ మీది చార్ట్ పోతుంది. భుజం మీది చెయ్యి పోతుంది. నాన్న సెలవు పెట్టి దాని పరుగు చూస్తారు. చెప్పకపోతే ఇరవై ఏడున డాక్టర్ చూసి ఏమీ లేదంటాడు. వచ్చి పోయిందని అందరూ అనుకుంటారు. పోటీ ఎలాగూ అయిపోయి ఉంటుంది. ఎవరికీ ఏమీ కాదు.

చెప్పను.

ఆగస్టు 21, శుక్రవారం

చెప్పను.

ఆగస్టు 22, శనివారం

అది పరుగు బూట్లు తుడిచి పెట్టెలో పెట్టి మంచం కిందకి తోసింది. నువ్వు చూడకపోతే ట్రాక్ మీదే పడిపోయేదాన్నేమో, థాంక్స్ అంది. ఇంకోసారి చూడమని చెయ్యి చాపింది.

ఈసారి రెండు వేళ్ళతో పట్టుకున్నాను. అరవై నాలుగు. ఒక్కటి కూడా తప్పలేదు. అంత తాపీగా కొట్టుకునే గుండె కూడా దానికే ఉండాలా?

అది నా ముఖంలోకి చూస్తోంది. నూరు అని చెప్పాను.

ఆగస్టు 24, సోమవారం

ఇంక నా వల్ల కాలేదు. అది మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతోంది. రెయిలింగ్ పట్టుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని. పొద్దున్న అమ్మమ్మతో చెబుతుంటే విన్నాను. ఇప్పుడు తనకి కూడా తెలుస్తోందట. రోజూ మూడు నాలుగు సార్లు గుండె ఆగినట్టు అనిపిస్తోందట. నేను చెప్పిన అబద్ధం దాని ఒంట్లోకి వెళ్ళి కూర్చుంది.

బడి నుంచి రాగానే పెరటి మెట్ల మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను. బొటనవేలు సంగతి, నా డెబ్బై రెండు, శనివారం నాటి నూరు. చెంప పగలగొడుతుందనుకున్నాను. అది ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నేల చూసింది. తర్వాత అడిగింది, అయితే ఆ తప్పినవి నీవా అని.

నాకు తట్టనే లేదు. నాలుగు రోజులుగా నేను ఆలోచించింది చార్ట్ గురించి, పాల గ్లాసు గురించి, నాన్న సెలవు గురించి. గుండెలో ఏ గదికి ఏ పేరో కళ్ళు మూసుకుని చెబుతాను. నాకూ అదొకటి ఉందని గుర్తురాలేదు.

అదీ ముందు దానికే తట్టింది. ఆ క్షణంలో కూడా నేను కుళ్ళుకున్నాను.

ఆ తర్వాత దానికి కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. మంచం గోడ వరకూ జరుపుకుని నా వైపు వీపు పెట్టి కూర్చుంది. భోజనం దగ్గర కూడా నాతో మాట్లాడలేదు. నాకెందుకో ప్రాణం హాయిగా ఉంది.

ఆగస్టు 25, మంగళవారం

టీచర్‌తో కూడా మొత్తం చెప్పేశాను. తిట్టలేదు. గోడ మీది చార్ట్ నన్నే తీయమన్నారు. స్టూలెక్కి, క్లాసంతా గుడ్లప్పగించి చూస్తుండగా తీశాను. కొత్త కాగితం ఇచ్చి మళ్ళీ మొదటి నుంచి రాయమన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. ఇంట్లో అమ్మ ఆ లోటు తీర్చింది.

తప్పు చార్ట్‌దేనని తేలడంతో డ్రిల్లు మాస్టారు డాక్టర్ కాగితం లేకుండానే దాన్ని టీమ్‌లో మళ్ళీ చేర్చారు.

ఆగస్టు 26, బుధవారం

నాలుగో స్థానం. మూడోదానికీ దీనికీ మధ్య జానెడు దూరం. ఎనిమిది రోజులు ప్రాక్టీసు లేదు. ఆ ఎనిమిది రోజులూ దొంగిలించింది నేనే.

నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. నాలుగో స్థానం అనగానే ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. అంతకు ముందు మాత్రం గొంతు పోయేలా అరిచాను. ఇప్పటికీ బొంగురుగానే ఉంది. రెండూ ఒకే మనిషి ఎలా చేస్తుందో బయాలజీ పుస్తకంలో లేదు.

ఆగస్టు 27, గురువారం

దాని పేరు మీద తీసుకున్న ఆసుపత్రి చీటీ మీద నేను వెళ్ళాను. చీటీలిచ్చే కిటికీ దగ్గర పేరు మార్పించింది అదే. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు, కానీ వచ్చింది. అమ్మ మా వెనక నిలబడింది.

ఛాతీకి వైర్లు పెట్టి చూశారు. రక్తం తీసి చూశారు. రక్తం బాగా తక్కువట. అందుకే గుండె తొందరపడుతోందట, మెట్ల మీద ఆయాసం కూడా అందుకేనట. అప్పుడప్పుడు తప్పడం ఈ వయసులో చాలామందికి ఉంటుందట. అయినా మాత్రలు వాడి నెల తర్వాత మళ్ళీ రావాలి. ఇది నిన్నమొన్నటిది కాదు, నెలల నాటిది, సరిగ్గా తినకపోవడం దానికి ఆజ్యం పోసిందన్నాడు డాక్టర్. తిండి తగ్గింది ఎప్పటినుంచి అని అడిగాడు.

నేను తల వంచుకున్నాను. డబ్బా సగంలో మూసేయడం మూడో తారీకు నుంచి, నేను వాళ్ళింటికి వచ్చినప్పటినుంచి అని అది చెప్పింది.

లెక్కపెడుతూనే ఉందన్నమాట.

ఆగస్టు 31, సోమవారం

కొత్త చార్ట్. మొదటి వరుస.

కూర్చున్నప్పుడు: తొంభై ఎనిమిది.
తప్పినవి: ఒకటి.
కొలిచినవారు: అక్క.